జ్ఞానతండ్రి పేరు

సొండర్‌హో, ఫానో దీవి
1800 సెప్టెంబరు 18

మా ఆయన, ఓడ సరంగు సొన్నిక్ గారికి మీ ఇల్లాలు అబెలోనె నమస్కరించి రాసుకునేది ఏమనగా:

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. కులాసా అని రాయడం ఆచారం కాబట్టి అదీ రాస్తున్నాను. మీ అమ్మ కులాసా, ఆవు కులాసా. ఇంటికి ఉత్తరం వైపు కప్పు మాత్రం కులాసా కాదు. మొన్నటి గాలికి గడ్డి లేచిపోయి వంటింట్లోంచి ఆకాశం కనిపిస్తోంది. ఇంగ్లండు రేవులో, ఒడ్డుకు దిగనివ్వని కాపలా మధ్య మీరెలా ఉన్నారో తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. పెరట్లో ఉప్పు పట్టించిన చేపల్ని ఎండబెట్టడానికి తాడుకు గుచ్చుతున్నాను. చేతులైనా తుడుచుకోకుండా విప్పాను. మొదటి పుట చదివి నవ్వాను, రెండో పుట చదివి ఏడ్చాను, మూడో పుటలో ఒక మాట దగ్గర కొయ్యబారిపోయాను. చేతిలో చేప జారిపడితే పిల్లి ఎత్తుకుపోయింది. నేను పిల్లిని అదిలించలేదంటే నా పరిస్థితి మీకు అర్థమవుతుంది. గుమ్మంలోంచి మీ అమ్మ, "ఏమే, పిల్లికి వడ్డిస్తున్నావా?" అని అరిచింది. నా నోట మాట రాలేదు. ఈ ఇంట్లో నాకు మాట రాకపోవడం అదే మొదటిసారి కావడంతో ఆవిడకీ భయం వేసింది.

ఆ మాట సంగతి చివర్లో రాస్తాను. మీరడిగిన మిగతావాటికి ముందు జవాబులు చెప్పనివ్వండి. చెబుతూ ఉంటే కాస్త ధైర్యం చిక్కుతుందేమో.

మీ అమ్మ మోకాళ్ల సంగతి అడిగారు. అలాగే ఉన్నాయి. వాన వచ్చే ముందు నొప్పి, వచ్చాక నొప్పి, రాకపోతే వానేదీ అని నొప్పి. మీరు పంపిన తైలం రాయించుకుంటూనే, "వాసన చూస్తే ఓడ అడుగున పూసే తారులా ఉంది, వాడు డబ్బా మార్చి ఇచ్చాడేమో చూడవే" అంటుంది. ఆవు పెయ్యదూడను వేసింది. బార్లీ చేను మీద ఇసుక పడి సగం పోయింది, మిగతా సగం నేనూ పక్కింటి ఇంగెబోర్ పిన్నీ కోసుకున్నాం.

ఫిరంగుల కబురు మీకెలా తెలిసింది, జనం ఏమంటున్నారు అని అడిగారు. ఆగస్టు మొదటి ఆదివారం ప్రార్థన అయి చర్చి బయటికి వచ్చేసరికి దీవికి ఆ చివరి ఊరు నోర్డ్‌బీ సరంగు ఈవర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. అందరం చుట్టూ మూగాం.

"మనవాళ్లవి అరడజను ఓడలు, కాపలాగా రాజుగారి యుద్ధనౌక. ఇంగ్లీషువాళ్లు ఎదురొచ్చి ఆగమన్నారు. ఫ్రెంచివాళ్ల సరుకో డచ్చివాళ్ల సరుకో దాచారేమో సోదా చేస్తాం అన్నారు. మన కెప్టెను ఏమన్నాడో తెలుసా? 'రాజుగారి జెండా కింద వెళ్లే ఓడల్లో మీ శత్రువుల సొత్తు లేదు. అది నా మాట. నా మాట చాలు' అన్నాడు. సోదాకి పడవ దింపితే పేలుస్తానన్నాడు. వాళ్లు దింపారు. ఈయన పేల్చాడు."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది. మనది ఒకటి, వాళ్లవి నాలుగు. చివరికి మన జెండా దించారు. అన్నిట్నీ తోలుకుపోయారు."

ఎవరి పక్షమూ కాని మనమీద ఫిరంగులా! మన రాజు ఇంగ్లండుతో తగువు పెట్టుకోలేదు, ఫ్రెంచివాళ్లకు వంత పాడలేదు. దారిన పోయే గుడ్డలమూట వ్యాపారిని పట్టుకుని వీధి రౌడీ చెంప పగలగొడితే ఆ మనిషి ఎలా నిలబడిపోతాడు, మేమంతా అలా నిలబడిపోయాం. కాసేపటికి మీ అమ్మే తేరుకుంది. "ఎద్దులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరిగినట్టుంది" అంది. అప్పుడు ఆడవాళ్లంతా ఒక్కసారి ఏడవడం మొదలుపెట్టారు. ఈవర్ వెళ్లబోతూ నా పక్కకు వచ్చి, నన్ను ఓదార్చడానికే, ఇంకో మాట అన్నాడు. అది కూడా చివర్లో రాస్తాను.

ఆ మరుసటి ఆదివారం పాదిరిగారి ప్రసంగం వినాల్సింది. బల్ల గుద్ది మరీ చెప్పారు. మన జెండా పసిపాప బాప్తిస్మపు బట్టంత తెల్లనిదట. మన కెప్టెను మాటలో ఒక్క చుక్క మకిలి ఉంటే దేవుడు ఈ దీవిని ఇసుకలో పూడ్చెయ్యాలట. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. తలెత్తి చూద్దును కదా, ఆయనా నావైపు చూడకుండా కప్పు దూలాలు లెక్కపెడుతున్నారు. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

ఇంగెబోర్ పిన్ని కొడుకు రాస్మూస్ సంగతి అడిగారు. మీ ఓడలకు కాపలా వచ్చిన యుద్ధనౌకలోనే వాడు ఉన్నాడని, బయలుదేరిన రోజు మీవైపు టోపీ ఊపాడని రాశారు. ఆ ఊపడమే చివరిది. రాస్మూస్ లేడు. ఫిరంగి దగ్గర నిలబడినవాణ్ణి నిలబడినట్టే గుండు కొట్టేసిందట. సముద్రానికే ఇచ్చారట.

ఆ కబురు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. బార్లీ కోస్తున్నాం. ఇసుక గాలి, మొహాలకు ముసుగులు కట్టుకుని ఉన్నాం. పాదిరిగారు చేను గట్టు మీద నడిచి రావడం చూసి పిన్ని కొడవలి కింద పెట్టింది. "ముసుగు తీయమ్మా" అన్నారు ఆయన. "తీయను, అలాగే చెప్పండి" అంది. చెప్పారు. ఆమె "ఎందుకోసం పోయాడు బాబూ?" అని అడిగింది. "రాజుగారి గౌరవం కోసం" అన్నారు ఆయన.

"అదెంత లోతుంటుంది? మావాడికి ఈత రాదు."

పిన్ని కొడవలి తీసుకుని సాయంత్రం దాకా కోసింది. ముసుగు వెనక ఏడ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక రాజకీయం. ఇంగ్లండు రాయబారి కోపెన్‌హేగన్ వచ్చాడు. మాట్లాడటానికి వచ్చే మనిషి వెంట అన్ని యుద్ధనౌకలెందుకో మరి! మొత్తానికి రాజీ పడ్డారు. సోదా చేసే హక్కు ఉందా లేదా అన్నది తర్వాత తేల్చుకుంటారట, ఓడల్ని మాత్రం వదిలేస్తారట. ఆ కబురు విన్న రోజు ఊరంతా ఒకళ్లనొకళ్లు కావలించుకున్నాం. నేను మీకోసం గొర్రెమాంసం ఉప్పులో వేశాను కూడా. నిన్న మీ ఉత్తరం వచ్చాకే తెలిసింది, మిగతావన్నీ వదిలి మన ఓడ ఒక్కదాన్నే ఆపేశారని. కోర్టులో మిమ్మల్ని నిలబెట్టారని.

సరే, ఇంక దాటవెయ్యలేను. మీరు రాసిన ఆ ముక్కలు మళ్లీ మీకే రాస్తున్నాను, నేను సరిగ్గా చదివానో లేదో చూసుకోవడానికి.

"బూడిదరంగు బొచ్చుటోపీ పెట్టుకున్న లాయరు ఉన్నట్టుండి, 'నీ కొడుకు జ్ఞానతండ్రి ఎవరు?' అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. 'దొరగారూ, నాకు పుట్టింది కొడుకో కూతురో నాకే తెలీదు' అన్నాను. వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నిజమేనా అబెలోనె? నాకు కొడుకు పుట్టాడా? వాడి పేరేమిటి? కన్నతండ్రికి తెలియని సంగతి ఆ శత్రువుకు ఎవరు చెప్పారు? మన దీవిలో ఎవడో అమ్ముడుపోయాడు. వాడెవడో కనుక్కో. అక్టోబరు మొదటి వారంలో మళ్లీ బైబిల్ మీద ప్రమాణం చేయిస్తారట. మొదట చెప్పిందే మళ్లీ చెబుతాను. నువ్వు బెంగ పడకు."

నిజమేనండీ. మీకు కొడుకు పుట్టాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు, జూన్ మూడో తారీఖు తెల్లవారాక, పోటు ఎక్కే వేళకు పుట్టాడు. మీ ముక్కే. మీ పెంకితనమే. ఇది మీరు నా చేతిరాతలో మొట్టమొదట చదవాల్సిన మాట. ఎవడో బొచ్చుటోపీవాడి నోట విన్నారు. దానికి నేను ఎన్ని జన్మలెత్తినా మిమ్మల్ని క్షమాపణ అడగలేను.

మీరు వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి ఏమన్నారు? "నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఉత్తరాల్లో ఆవు, గొర్రెలు, అమ్మ మోకాళ్లు తప్ప ఇంకేం రాయకు. ఓడ ఊసు ఎత్తకు" అన్నారు. నేను ఎత్తలేదు. ఒట్టు. ఓడ అన్న మాటే రాయలేదు. బాప్తిస్మం సంగతి రాశాను. బిడ్డ బాప్తిస్మానికీ వ్యాపారానికీ ఏం సంబంధం అనుకున్నాను.

మన దీవిలో సరంగు ఇంట మొదటి మగబిడ్డ పుడితే ఓడ ఎవరిదో ఆయనే బాప్తిస్మంలో బిడ్డ పూచీ తీసుకునే జ్ఞానతండ్రి, బిడ్డకు ఆయన పేరే. మీ నాన్నకు అలాగే పెట్టారు, మీకు అలాగే పెట్టారు. ఇంకోలా చేయవచ్చని నాకు తట్టనే లేదు. మీ అమ్మ కూడా, "యజమాని పేరు పెట్టకపోతే ఓడ నీళ్లు తాగుతుంది" అంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వెండి చెంచా కూడా వచ్చింది. పిల్లాణ్ణి ఇంగెబోర్ పిన్ని ఎత్తుకుంది. పాదిరిగారు పేరు అడిగారు, చెప్పాం, ఒక్క క్షణం ఆగారు, నీళ్లు చల్లి తన చేత్తో చర్చి పుస్తకంలో రాసుకున్నారు. చర్చి నిండా జనం. ఆ పేరు అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఈ దీవిలో అలాంటి ఓడ మనదొక్కటేనా ఏమిటి?

పిల్లాడి పేరు కొర్నేలిస్. నేను మీకు మూడు పుటలు సంతోషంగా రాశాను. "జ్ఞానతండ్రిగా కొర్నేలిస్ గారి పేరే చెప్పాం, మన ఆచారం తప్పలేదు, నాన్న రాగానే చూపిస్తానని వాడికి చెబుతున్నాను" అని రాశాను. ఆ ఉత్తరం ఈవర్ చేతికిచ్చాను. మీరు నార్వే రేవులో కాపలా నౌక కోసం ఆగి ఉంటారు కదా, అందిస్తాడనుకున్నాను. చర్చి బయట ఈవర్ నా చెవిలో చెప్పిన మాట ఇది. "నీ ఉత్తరం గురించి బెంగ పెట్టుకోకు చెల్లాయ్. నేను వెళ్లేసరికి లంగర్లు ఎత్తేశారు. వరసలో ఆఖరి ఓడవాడికి ఇచ్చాను. గాలి తగ్గగానే పడవలో సొన్నిక్‌కి పంపిస్తానన్నాడు."

గాలి తగ్గలేదు. ఇంగ్లీషువాళ్లు వచ్చారు. ఆఖరి ఓడనే ముందు సోదా చేసుంటారు.

మన దీవిలో ఎవడూ అమ్ముడుపోలేదండీ. మిమ్మల్ని పట్టిచ్చింది నేను. నిన్న పెరట్లో నాకు తట్టింది అదే.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఆ కొర్నేలిస్ గారు పోయినేడు వచ్చి, "డచ్చి జెండాతో నా ఓడ బయటికి కదల్లేదు, నీ పేరు మీద రాసి మీ రాజు జెండా ఎగరేస్తే చాలు, నువ్వే సరంగువి" అన్నప్పుడు మీరు వారం రోజులు ఒప్పుకోలేదు. దొంగ ప్రమాణం చెయ్యనన్నారు. పోరు పెట్టింది నేను. "ఇంకెన్నాళ్లు ఒకడి కింద తాడు లాగుతారు? సంతకమే కదా, చెయ్యేం కాలిపోదు" అన్నాను. చెయ్యి కాలింది, నాది కాదు, రాస్మూస్‌ది. మీ ప్రమాణం నమ్మి ఆ కెప్టెను మాటిచ్చాడు. ఆయన మాట నమ్మి వాడు ఫిరంగి దగ్గర నిలబడ్డాడు. మనం చెప్పిన అబద్ధాన్ని కాపాడుతూ, అది అబద్ధమని తెలియకుండా పోయాడు.

ఇప్పుడు నా మాట వినండి. పెళ్లయ్యాక ఎన్నోసార్లు ఈ ముక్క అన్నాను, ఈసారి మాత్రం నిజంగా వినండి. రెండోసారి ప్రమాణం చేయకండి. వాళ్ల చేతిలో నా ఉత్తరం ఉంది. మీరు బైబిల్ మీద చెయ్యి పెట్టి ఓడ నాదే అన్నారా, మరుక్షణం అది తీసి చదువుతారు. నిన్న సాయంత్రం నడుచుకుంటూ నోర్డ్‌బీ వెళ్లి ఈవర్‌ని అడిగాను. "ఓడ వదులుకున్నవాణ్ణి వాళ్లేం చేసుకుంటారు, తిండి దండగని ఇంటికి పంపేస్తారు. రెండుసార్లు దొంగ ప్రమాణం చేసినవాణ్ణి మాత్రం వదలరు, జైల్లో కుళ్లిపోతాడు" అన్నాడు. నిజం చెప్పేయండి. ఓడ పోనివ్వండి. మళ్లీ మీకెవరూ ఓడ ఇవ్వరు, నాకు తెలుసు. చేపల పడవ ఉంది. నేను తెడ్డు వేస్తాను.

ఈ ఉత్తరం కూడా మీకంటే ముందు వాళ్లే విప్పుతారు. విప్పనివ్వండి. అందుకే ఇంత విప్పి రాశాను. దీన్ని చదువుతున్న దొరగారూ, మీకూ ఒక దణ్ణం. మీకు కావాల్సిందంతా ఇందులో ఉంది. చదివాక మడత పెట్టి మా ఆయనకు ఇవ్వండి. పోయినసారిలా దగ్గర ఉంచేసుకోకండి. అందులో మా బిడ్డ పుట్టిన కబురుంది, మీకది పనికొచ్చేది కాదు.

ఇంతవరకూ పొద్దున్నే రాశాను. లక్క అంటించబోయి ఆగాను. ఇది మీకు చెప్పి, వాళ్లకు చెప్పి, పక్కింట్లో ఉన్న మనిషికి చెప్పకపోతే ఎలా? పిన్నిని పిలిచాను. రోజూ వచ్చినట్టే వచ్చి పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుంది. ఆమెకు చదువు రాదు కదా, మొదటి నుంచీ నేనే చదివి వినిపించాను. రాస్మూస్ దగ్గరికి వచ్చేసరికి కాగితం కింద పెట్టేశాను. "చదువు" అంది. చివరిదాకా చదివాను.

పిల్లాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టి లేచింది. వాకిలి దాకా వెళ్లింది. వెళ్లిపోతుందనే అనుకున్నాను. ఇంక ఈ జన్మలో మా గడప తొక్కదనుకున్నాను. అక్కడే ఆగి, నావైపు తిరక్కుండా అంది:

"ఆ రోజు వాణ్ణి ఎత్తుకున్నది నేనే కదే. ఆ పేరు పైకి చెప్పింది నా నోరే. అదెవరి పేరో నాకు తెలీదా? ఊరందరిలాగే ఊరుకున్నాను. నా కొడుకు ఏ నౌకలో ఉన్నాడో, ఏ ఓడలకు కాపలా వెళ్తున్నాడో కూడా నాకు తెలుసు. అయినా ఊరుకున్నాను."

"పిన్నీ, నన్ను కొట్టు. తిట్టు."

"నిన్ను కొడితే వాడొస్తాడా?" అని వెనక్కి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. "నువ్వు సొన్నిక్ పెళ్లానివి, నీ మాట ఆ దొరలు నమ్ముతారో లేదో. చచ్చినవాడి తల్లి మాట నమ్ముతారు. కలం ఇలా ఇయ్యి. సంతకం బదులు నా ఇంటి గుర్తు వేస్తాను."

"ఎందుకు పిన్నీ? ఆయన కోసమా?"

"వాడి కోసం కాదు." ఉయ్యాల వైపు చూసింది. "ఒక అబద్ధానికి ఒకడు చాలు."

కలం పిడికిట్లో పట్టుకుని గుర్తు వేసింది. వేశాక, "ఇది కూడా రాయి" అంది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "నిజం చెప్పి ఇంటికి రమ్మను. వచ్చాక మీ గుమ్మంలోకి కాదు, ముందు నా గుమ్మంలోకి రమ్మను. నా ఎదురుగా నిలబడి, నా మొహం చూస్తూ చెప్పమను. ముసుగు తీసే ఉంటాను."

రండి. ఎదురు చూస్తున్నాం.

ఇట్లు,
మీ ఇల్లాలు, మీ కొడుకు తల్లి,
అబెలోనె

దీనికి సాక్షి, బాప్తిస్మం రోజు బిడ్డను ఎత్తుకున్నది, రాస్మూస్ తల్లి ఇంగెబోర్. ఆమె ఇంటి గుర్తు: నిలువు గీత, దాని మీద అడ్డంగా రెండు గీతలు. రెండో గీత దగ్గర సిరా కాస్త అలుక్కుంది. గుర్తు ఆమెదే.